ఒకే అంతస్తు, రెండు ధరలు: సింగపూర్ ఇరుగుపొరుగు లెక్క

సింగపూర్‌లో స్థిరపడి, అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబం ఒకటి ఫ్లాట్ కొనాలని చూస్తోందనుకుందాం. పిల్లల బడికి దగ్గర్లో ఒకటి దొరికింది. అమ్మేవాళ్లు చైనీయులు. బేరం కుదిరింది, బ్యాంకు అప్పిస్తానంది. అడ్వాన్సు ఇచ్చేముందు ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో బ్లాకు నంబరు, తమ జాతి, అమ్మేవారి జాతి కొట్టి చూస్తే ఈ కొనుగోలుకు వీల్లేదని వచ్చింది. ఆ బ్లాకులో భారతీయులకు కేటాయించిన వాటా నిండిపోయింది. అదే బ్లాకులో మరో భారతీయ కుటుంబం అమ్ముకుంటుంటే నిక్షేపంలా కొనుక్కోవచ్చు. చైనీయుల దగ్గర మాత్రం కొనకూడదు.

ఇక్కడ ఏ ఓనరూ మొహం చూసి తలుపు వేయలేదు. అమ్మేవారికి అభ్యంతరం లేదు, కొనేవారికి లేదు. అడ్డు చెప్పింది ప్రభుత్వ నియమం. అదీ ఒక జాతిని దూరం పెట్టడానికి కాదు, అన్ని జాతులవారినీ పక్కపక్కన ఉంచడానికి పెట్టిన నియమం. 1989 మార్చి 1 నుంచి అది అమల్లో ఉంది. నగర ప్రణాళిక ప్రజల సంస్కృతిని, జాతిని ఎలా పట్టించుకోవాలి అనే చర్చ ఎక్కడ జరిగినా సింగపూర్ ప్రస్తావన రాక తప్పదు. పొగిడేవాళ్లు వీధులు చూపిస్తారు, తిట్టేవాళ్లు కోటాలు చూపిస్తారు. రెంటినీ కలిపి, ఆ కలివిడితనానికి ఎవరు ఎంత చెల్లిస్తున్నారో కూడా చూస్తే తప్ప ఈ విషయం తెగదు.

గీతలు గీసింది మొదట తెల్లవాళ్లే

1819లో స్టాంఫర్డ్ రాఫిల్స్ సింగపూర్‌లో దిగి ఈస్టిండియా కంపెనీ రేవు పెట్టాడు. మూడేళ్లు తిరిగేసరికి ఊరు ఇష్టమొచ్చినట్టు పెరుగుతోందని 1822లో ఒక పట్టణ ప్రణాళిక గీయించాడు. దాన్ని గీసిన ఇంజినీరు పేరు మీద జాక్సన్ ప్లాన్ అంటారు. అందులో యూరోపియన్లకు ఒక చోటు, నదికి నైరుతి దిక్కున చైనీయులకు ఒక చోటు, దక్షిణ భారతం నుంచి వచ్చిన చూలియా వర్తకులకు నది ఎగువన ఒక చోటు, సుల్తాను కోట చుట్టూ మలయ్‌లకు, అరబ్బులకు, బుగిస్ నావికులకు ఒక చోటు కేటాయించారు. చైనీయుల్లోనూ ఏ ప్రాంతంవారిని ఆ ప్రాంతంవారితో విడివిడిగా ఉంచాలని రాఫిల్స్ సూచించాడు. ఎవరి పేటలో వాళ్లుంటే ఏలడం సులువన్నది వలస పాలకుల లెక్క.

జనం ఆ గీతల్లో పూర్తిగా ఒదగలేదు. ఈనాటి చైనాటౌన్ నడిబొడ్డున సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద 1827లో వెలసిన మారియమ్మన్ గుడి ఉంది. దానికి కూతవేటు దూరంలో దక్షిణాది ముస్లింలు కట్టుకున్న జమాయే మసీదు. చైనీయుల పేట మధ్యలోని ఆ వీధులకు పగోడా స్ట్రీట్, టెంపుల్ స్ట్రీట్, మోస్క్ స్ట్రీట్ అనే పేర్లు ఈ గుడి గోపురం, ఈ మసీదుల వల్లే వచ్చాయి. ఇవాళ లిటిల్ ఇండియా అంటున్న సెరంగూన్ రోడ్డు ప్రాంతమైతే జాక్సన్ ప్లాన్‌లోనే లేదు. పశువుల వ్యాపారం చుట్టూ తర్వాత తనంతట తాను పెరిగింది. అక్కడి బఫెలో రోడ్డు పేరు ఆ రోజులదే. పాలకుల కాగితం ఒకటి చెబితే కడుపుకూటి కోసం వచ్చినవాళ్లు ఇంకొకటి కట్టుకున్నారు.

అయినా ఎవరి పేట వారిదన్న పద్ధతి నిలిచిపోయింది. దాని ప్రమాదం 1964లో బయటపడింది. సింగపూర్ అప్పుడు మలేసియాలో భాగం. జులై 21న ప్రవక్త జన్మదిన ఊరేగింపులో మొదలైన గొడవ చైనీయులకూ మలయ్‌లకూ మధ్య అల్లర్లయి 23 మంది ప్రాణాలు తీసింది. 454 మంది గాయపడ్డారు. సెప్టెంబర్‌లో మళ్లీ రేగి ఇంకో 13 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆగస్టు 9న సింగపూర్ వేరే దేశమైంది. కొత్త ప్రభుత్వంలోని ప్రతి ఒక్కరి కళ్ల ముందూ ఆ అల్లర్లే ఉన్నాయి. ఆ తర్వాత అక్కడ ఇళ్ల గురించి తీసుకున్న ఏ నిర్ణయాన్ని చదివినా వెనకాల 1964 వినిపిస్తుంది.

ఇల్లంటే ప్రభుత్వమే

సింగపూర్ చేసినది ఇంకో దేశం చేయలేకపోవడానికి ఒక కారణం ఉంది. అక్కడ భూమిలో చాలా భాగం ప్రభుత్వానిది. 1960లో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు, అందరి నోటా హెచ్‌డీబీ, పుట్టింది. 1961 మే 25న బుకిట్ హో స్వీ గుడిసెల్లో అగ్గి రాజుకుని దాదాపు 16 వేల మంది ఇళ్లు పోగొట్టుకుంటే, ఆ నిర్వాసితులకు చకచకా కట్టిన బహుళ అంతస్తుల ఇళ్లతో బోర్డుకు పేరొచ్చింది. 1964లో ఆ ఇళ్లను అద్దెకు కాకుండా సొంతానికి ఇవ్వడం మొదలుపెట్టారు. 1968 నుంచి భవిష్యనిధి డబ్బుతోనే కొనుక్కునే వీలు కల్పించారు. ఇల్లు 99 ఏళ్ల లీజుకే, కానీ అమ్ముకోవచ్చు. ఈ రోజుకీ ఆ దేశవాసుల్లో పదిమందికి దాదాపు ఎనిమిది మంది హెచ్‌డీబీ ఇళ్లలోనే ఉంటున్నారు. అంటే పొరుగున ఎవరుండాలో ప్రభుత్వం చెప్పాలనుకుంటే చెప్పగలదు.

మొదట్లో అంత చెప్పాల్సిన అవసరం రాలేదు. కంపోంగులు, అంటే పాత పల్లెలు, ఖాళీ చేయించి జనాన్ని కొత్త బ్లాకుల్లోకి తరలిస్తున్నప్పుడు పేటలన్నీ కలిసిపోయాయి. చిక్కు తర్వాత వచ్చింది. ఫ్లాట్లు చేతులు మారడం మొదలయ్యాక ఎవరివాళ్లకు దగ్గరగా వాళ్లు జరగసాగారు. మలయ్ కుటుంబాలు బెడోక్, టాంపినెస్ వైపు, చైనీయులు హౌగాంగ్ వైపు చేరుతున్నారని 1980ల చివర్లో ప్రభుత్వం గమనించింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. అమ్మానాన్నల ఇంటికి దగ్గరగా, హలాల్ మాంసం కొట్టు ఉన్నచోట, పండక్కి పది గడపలు తొక్కగలిగే చోట ఉండాలనుకోవడం ఎవరికైనా సహజం. అమెరికాలో ఉన్న మనవాళ్లు గుడి, మంచి బడి ఉన్న సబర్బులు వెతుక్కుని మరీ చేరడం లేదా!

అయితే ఇలాంటి చిన్న చిన్న సహజమైన నిర్ణయాలు వేలకొద్దీ కలిస్తే మళ్లీ 1964 నాటి పేటలే తయారవుతాయన్నది ప్రభుత్వ భయం. అప్పటి జాతీయాభివృద్ధి మంత్రి ఎస్. ధనబాలన్, ఆయనే మైనారిటీ వర్గపు మనిషి, 1989లో జాతుల సమ్మేళన విధానాన్ని ప్రకటించాడు. ప్రతి బ్లాకుకూ, ప్రతి పేటకూ ఒక్కో జాతికి గరిష్ఠ పరిమితి పెట్టారు. చైనీయులకు పేటలో 84 శాతం, బ్లాకులో 87. మలయ్‌లకు పేటలో 22, బ్లాకులో 25. భారతీయులూ ఇతరులూ కలిపి పేటలో 10, బ్లాకులో 13. ఈ చివరి లెక్కను 2010లో 12కూ 15కూ పెంచారు, భారతీయుల సంఖ్య పెరగడం వల్ల. 2020 జనగణన ప్రకారం అక్కడి పౌరులూ శాశ్వత నివాసులూ కలిపి చైనీయులు 74.3 శాతం, మలయ్‌లు 13.5, భారతీయులు 9. దేశంలో ఉన్న నిష్పత్తికి పైన గీత గీసి, ఏ బ్లాకూ దాన్ని దాటకుండా చూస్తారన్నమాట.

అసలు లెక్క అమ్మేటప్పుడు

నియమం పైకి అందరికీ ఒకటే. కానీ దాని బరువు ఎవరి మీద పడుతుందో తెలియాలంటే ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉన్న రెండు ఫ్లాట్లు ఊహించుకోవాలి. ఒకే కొలత, ఒకే వయసు, ఒకే కిటికీ. ఒకటి చైనీయ కుటుంబానిది, రెండోది తెలుగు కుటుంబానిది. ఆ బ్లాకులో చైనీయుల వాటా 87 శాతం నిండి ఉంది.

చైనీయ కుటుంబం తన ఫ్లాట్‌ను ఇంకో చైనీయుడికి అమ్మవచ్చు, ఎందుకంటే ఒకరు పోయి ఒకరు రావడంతో నిష్పత్తి మారదు. మలయ్‌కు అమ్మవచ్చు, వాళ్ల పరిమితి నిండకపోతే. భారతీయుడికీ అమ్మవచ్చు. కొనగలిగినవాళ్లలో దాదాపు అందరూ ఆ కుటుంబానికి గిరాకీయే. ఎదురింటి తెలుగు కుటుంబం మాత్రం చైనీయులకు అమ్మకూడదు. అమ్మితే వాటా 87 దాటుతుంది. అంటే ఆ దేశంలో కొనుగోలుదార్లలో నాలుగింట మూడొంతుల మంది వీళ్లకు కొనుగోలుదార్లే కారు. మిగిలిన పావు వంతులోంచి ఆ పేట, ఆ ధర, ఆ సైజు నచ్చినవాళ్లు రావాలి. వచ్చినవాళ్లకు ఈ సంగతి తెలుసు, కాబట్టి బిగించి అడుగుతారు. నెలలు గడుస్తాయి, ధర దిగుతుంది.

తిరగేసి చూద్దాం. భారతీయుల, ఇతరుల ఉమ్మడి వాటా నిండిన బ్లాకులో చైనీయుడు వాళ్లకు అమ్మకూడదు. ఆయనకు పోయిందెంత? గిరాకీలో ఎనిమిదో వంతు కూడా కాదు. ఆ లోటు ఆయన ధరలో కనిపించదు. కోటా ఒకటే, అంకగణితం వేరు. సంఖ్యలో ఎక్కువ ఉన్నవారికి గీచినట్టు కూడా అనిపించని గీత, తక్కువ ఉన్నవారికి లక్షల నష్టం తెస్తుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేకపోవడం వల్లే ఇన్నేళ్లూ దీని గురించి గట్టిగా మాట్లాడటం కష్టమైంది. ప్రభుత్వానికి ఇది తెలియదనలేం. పార్లమెంటులో మైనారిటీ ఓనర్ల ఇబ్బంది ఎన్నోసార్లు ప్రస్తావనకు వచ్చింది. కొందరికి అప్పీలు మీద అమ్మకం గడువు పొడిగించేవారు. చివరికి 2022లో, ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ, పరిమితి వల్ల నెలల తరబడి అమ్ముకోలేకపోయిన కుటుంబాల ఫ్లాట్లను బోర్డే కొంటుందని ప్రకటించారు. విధానం పుట్టిన 33 ఏళ్లకు! అందరి ప్రయోజనం కోసం పెట్టిన నియమం ఖర్చును ఒక వర్గం తన జేబులోంచి పెట్టుకుంటోందని ఒప్పుకోవడానికి అంత కాలం పట్టడం నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

ఇంకో విమర్శ రాజకీయమైనది. మలయ్‌లు ఏ నియోజకవర్గంలోనూ అధికసంఖ్యాకులు కాకుండా ఈ విధానం వారిని దేశమంతా పరిచేసిందని కొందరు పరిశోధకులు అంటారు. దానికి ఒక ఏడాది ముందే, 1988లో, కొన్ని నియోజకవర్గాలను బృందాలుగా మార్చి, ప్రతి బృందంలో ఒక మైనారిటీ అభ్యర్థి తప్పనిసరి చేశారు. ఒక చేత్తో చెదరగొట్టి ఇంకో చేత్తో ప్రాతినిధ్యం ఇచ్చారు. ఆ ప్రాతినిధ్యం పార్టీ ఇచ్చేదా, సమాజం ఎన్నుకునేదా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఇప్పటి అధ్యక్షుడు థర్మన్ షణ్ముగరత్నం మంత్రిగా ఉన్న రోజుల్లో ఈ విధానాన్ని సింగపూర్‌లో ప్రజల జీవితాల్లోకి అన్నిటికన్నా ఎక్కువగా చొరబడే విధానమని, చివరికి అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే అయిందని చెప్పారు. ఆ మాటలో రెండు సగాలూ నిజమే.

నాలుగు గడులు

కోటా పెట్టాలంటే ముందు మనిషిని ఒక గడిలో వేయాలి. సింగపూర్‌లో ఆ గడులు నాలుగు: చైనీయులు, మలయ్‌లు, భారతీయులు, ఇతరులు. గుర్తింపు కార్డుతో పాటు వచ్చే ఈ జాతి ముద్ర బడిలో మాతృభాష నుంచి ఇంటి కొనుగోలు దాకా వెంట నడుస్తుంది. తమిళులు, తెలుగువారు, మలయాళీలు, పంజాబీలు, సింధీలు, తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారు, మొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో వచ్చి శాశ్వత నివాసం పొందినవారు, అందరూ ఒకే వాటాలో సర్దుకోవాలి. పైగా కోటా విషయంలో ఇతరులు కూడా అదే గడి. యురేషియన్ కుటుంబం, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుటుంబం, మన ఖమ్మం కుటుంబం ఒకే వాటా కోసం పోటీ పడతాయి.

తమిళం అక్కడ అధికార భాష కావడంతో బడిలో ఉంది. తమిళేతరుల కోసం హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూలకు చోటిచ్చారు. తెలుగుకు ఆ చోటు దొరకలేదు. తెలుగు పిల్లలు మాతృభాష పేపరుగా హిందీయో తమిళమో రాస్తుంటారు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం లాంటివి ఉగాది వేడుకలతో, వారాంతపు తరగతులతో ఆ లోటు పూడుస్తున్నాయి. ఇల్లు కొనేచోట తెలుగువాడు భారతీయుడుగా లెక్కకొస్తాడు. బడిలో మాత్రం ఆ భారతీయుడి భాష లెక్కలోకి రాదు.

మిశ్రమ కుటుంబాలు పెరిగేకొద్దీ గడులు ఇంకా ఇరుకయ్యాయి. 2011 నుంచి పిల్లలకు రెండు జాతులూ కలిపి రాయించుకునే వీలిచ్చారు. అయితే ఇంటి కోటాకు వచ్చేసరికి మొదట రాసినదే లెక్క. చైనీయ తల్లి, భారతీయ తండ్రి ఉన్న బిడ్డకు ఏ జాతి ముందు రాయించాలో తేల్చేటప్పుడు, ముప్పై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ ఏ బ్లాకులో ఇల్లు కొనగలదో కూడా తేలిపోతుంది.

గోడలు లేని కింది అంతస్తు

పక్కపక్కన పెట్టినంత మాత్రాన జనం కలుస్తారా? లిఫ్టులో తలదించుకుని ఫోన్ చూసుకునేవాళ్లు ఎక్కడైనా అంతే. నా ఉద్దేశంలో సింగపూర్ ప్రణాళికలో మెచ్చుకోవాల్సినది కోటా కన్నా, దాని కింద వేసిన చిన్న చిన్న ఏర్పాట్లు. వాటి గురించి బయట చెప్పుకునేది తక్కువ.

అన్నిటికన్నా ముందు వాయిడ్ డెక్. చాలా హెచ్‌డీబీ బ్లాకుల్లో నేలమట్టపు అంతస్తులో ఇళ్లు ఉండవు. స్తంభాలు, నేల, పైకప్పు, అంతే. 1970ల నుంచి ఇది అక్కడి డిజైన్‌లో భాగమైంది. వానొచ్చినా ఎండొచ్చినా పిల్లలు ఆడుకుంటారు, ముసలివాళ్లు రాతి బల్లల దగ్గర చదరంగం ఆడతారు. టౌన్ కౌన్సిల్ అనుమతి తీసుకుంటే ఎవరైనా అక్కడ శుభాశుభాలు జరుపుకోవచ్చు. శనివారం మలయ్ పెళ్లి జరిగితే కొంపాంగ్ అనే డప్పులు మోగుతాయి, తళతళలాడే కాగితపు పూల కొమ్మలు నిలబెడతారు, వండిన బిర్యానీ వాసన పదో అంతస్తు దాకా పోతుంది. ఇంకో వారం అదే నేల మీద చైనీయుల అంత్యక్రియలు. శవపేటిక, అగరొత్తులు, రాత్రంతా కాపలా కూర్చునేవాళ్ల కోసం బల్లల మీద వేరుశనగలు, పుచ్చగింజలు. ఇంటికెళ్లాలంటే ప్రతి ఒక్కరూ లిఫ్టు కోసం దాని పక్కనుంచే నడవాలి. పొరుగింటివాళ్ల పెళ్లి ఎలా ఉంటుందో, చావు ఎలా ఉంటుందో పిల్లలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒక కల్యాణమండపం, ఒక శ్మశానం వేరే చోట కట్టి ఉంటే ఈ పరిచయం ఉండేది కాదు.

ఏడో నెల, చైనీయులు పితృదేవతలకు కాగితపు నోట్లు కాల్చే నెల వస్తే బ్లాకుల దగ్గర ఇనప డబ్బాలు పెడతారు. గడ్డి మీద కాల్చకండి, ఇందులో కాల్చండని అర్థం. మసీదుల లౌడ్‌స్పీకర్లను 1970ల్లో లోపలి వైపు తిప్పించారు, ప్రతిగా అజాన్‌ను రేడియోలో వినిపించే ఏర్పాటు చేశారు. ఒకరి ఆచారాన్ని ఆపకుండా, ఇంకొకరి ఇంట్లోకి అది ఎంతవరకు రావచ్చో ఇలా బేరమాడి తేల్చుకున్నారు.

హాకర్ సెంటర్లదీ ఇదే దారి. వీధి బళ్లవాళ్లను 1970ల నుంచి 1980ల నడిమి దాకా వరసగా పైకప్పు, కుళాయి, మురుగు కాలువ ఉన్న చోట్లకు మార్చారు. పేటకొకటి చొప్పున నూటికి పైగా ఉన్నాయి. మలయ్ నాసి లెమాక్, చైనీయ నూడుల్స్, దోసె పక్కపక్క కొట్లలో దొరుకుతాయి, బల్లలు మాత్రం అందరివీ. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ తిన్నాక పళ్లెం ఎక్కడ పెట్టాలో చూడండి. హలాల్ పళ్లేలకు ఒక అర, మిగతావాటికి వేరే అర. పంది మాంసం తగిలిన పళ్లెం ముస్లిం కొట్టుకు పోకుండా. ఆ అర లేకపోతే ముస్లిం కుటుంబం ఆ బల్ల దగ్గర కూర్చోదు, కూర్చోకపోతే ఆ సెంటర్ అందరిదీ కాదు. నగర ప్రణాళిక అంటే ఫ్లైఓవర్లనుకునేవాళ్లు ఆ అర ముందు ఒక్క నిమిషం నిలబడితే బాగుండు.

ఇంత చేసినా గోడ పక్క గొడవలు ఆగవు. 2011లో ఒక పాత తగాదా పత్రికల్లోకి వచ్చింది. చైనా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబం, పక్కింటి భారతీయుల కూర వాసన పడట్లేదని మధ్యవర్తిత్వ కేంద్రానికి వెళ్లింది. పక్కింటివాళ్లు లేనప్పుడే కూర వండుతామని భారతీయ కుటుంబం ఒప్పుకుంది. ఈ వార్త చదివి సింగపూర్ మండిపడింది. ఒక ఆదివారం దేశమంతా కూర వండుదామని ఫేస్‌బుక్‌లో పిలుపునిస్తే వేలమంది కదిలారు, వాళ్లలో చైనీయులు కోకొల్లలు. కూర మాది కూడా అన్నారు వాళ్లు. ఆ మాట ఏ కోటా వల్లా రాలేదు. కానీ ఇరవై ఏళ్లుగా ఎదురింటి పోపు వాసన పీల్చకపోతే వచ్చేదీ కాదు.

దేవుళ్లకూ స్థలం కొలిచి

భూమి కొరత దేవుళ్లనూ వదల్లేదు. గుడి, చర్చి, మసీదులకు ప్రణాళికలో స్థలాలు ముందే గుర్తించి లీజుకిస్తారు. చర్చిలు, చైనీయ గుళ్లు తమలో తాము వేలంలో పోటీ పడతాయి. మసీదులకు వేరే పద్ధతి. 1975లో మొదలైన మసీదు నిర్మాణ నిధికి ఉద్యోగం చేసే ప్రతి ముస్లిం నుంచి మొదట్లో నెలకు 50 సెంట్లు జీతంలోంచే జమయ్యేవి. ఆ డబ్బుతో కట్టిన తొలి మసీదు 1977లో తోవా పాయోలో లేచింది. కొత్త టౌన్‌షిప్పులన్నిటికీ మసీదు అలా వచ్చింది.

ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు చిన్న చిన్న చైనీయ గుళ్లకు విడివిడిగా స్థలం కొనే తాహతు లేకపోయింది. నాలుగైదు కలిసి ఒకే కప్పు కింద చేరాయి. లోయాంగ్‌లోని తువా పెక్ కాంగ్ గుడిలో చైనీయ దేవతలతో పాటు వినాయకుడూ ఉన్నాడు, దాతోక్ అనే మలయ్ పుణ్యపురుషుడి మందిరం కూడా ఉంది. మన శివుడు కూడా కదలక తప్పలేదు. ఆర్చర్డ్ రోడ్డు దగ్గరి శివన్ గుడిని 1983లో మెట్రో కోసం ఖాళీ చేయించారు. పదేళ్లు సెరంగూన్ రోడ్డులో తాత్కాలికంగా ఉండి 1993లో గెలాంగ్ ఈస్ట్‌కు చేరాడు. గుడి కదిలిస్తే మన దగ్గర ఏమవుతుందో అందరికీ తెలుసు. అక్కడ అది జరిగిందంటే కారణం, ప్రభుత్వానికి ఎదురుచెప్పే వీలు తక్కువ కావడం కూడా. ఆ సంగతి వదిలేసి సామరస్యం ఒక్కటే చెప్పుకోవడం సరికాదు.

పేటలను మ్యూజియంలో పెట్టడం

1989 మార్చిలో జాతుల పేటలు ఇక ఉండకూడదని నియమం తెచ్చారు. అదే ఏడాది జులై 7న చైనాటౌన్, లిటిల్ ఇండియా, మలయ్‌ల పాత పేట కంపోంగ్ గ్లామ్‌లను వారసత్వ ప్రాంతాలుగా ప్రకటించారు. ఉండటానికి పేటలు వద్దు, చూడటానికి కావాలి. పాత దుకాణపు ఇళ్లు, రాఫిల్స్ కాలం నుంచి వచ్చిన ఐదడుగుల అరుగు దారి, రంగులు, కిటికీలు నిలిచాయి. అద్దెలు పెరిగాయి, పాత వృత్తులవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. కంపోంగ్ గ్లామ్‌లోని సుల్తాను భవనంలో తరాలుగా ఉంటున్న వారసులు 1999లో ఖాళీ చేశారు. 2005లో అది మలయ్ వారసత్వ కేంద్రమైంది.

లిటిల్ ఇండియా కథ వేరు. అది మ్యూజియం కాకుండా బతికి ఉందంటే ప్రణాళికలో లేనివాళ్ల వల్లే. ఆదివారం సాయంత్రం అక్కడికి వచ్చే వేలాది తమిళ, బంగ్లాదేశ్ కూలీలతో పాటు మన రెండు రాష్ట్రాలవాళ్లూ ఉంటారు. ఇంటికి డబ్బు పంపడానికి, ఊరివాళ్లను కలవడానికి, నచ్చిన తిండి తినడానికి వస్తారు. హెచ్‌డీబీ కోటా వీళ్లకు వర్తించదు, ఎందుకంటే వీళ్లకు ఆ ఇళ్లే లేవు. నిర్మాణ రంగపు వర్క్ పర్మిట్ మీద వచ్చిన భారతీయుడు, బంగ్లాదేశీయుడు ఆ ఫ్లాటు అద్దెకు తీసుకోవడానికి కూడా వీల్లేదు. వాళ్లకు కేటాయించినవి ఊరి అంచుల్లోని డార్మిటరీలు. అక్కడే కొట్లు, ఆటస్థలాలు, వినోద కేంద్రాలు కట్టారు, ఊళ్లోకి రావాల్సిన అవసరం పడకుండా.

2013 డిసెంబర్ 8న లిటిల్ ఇండియాలో ఒక భారతీయ కూలీ బస్సు కింద పడి చనిపోతే దాదాపు 300 మంది అల్లరికి దిగారు. ఆ తర్వాత వచ్చిన చర్యల్లో మద్యం మీద ఆంక్షలు కనిపిస్తాయి. ఆ జనానికి నగరంలో కూర్చోవడానికి వేరే చోటు లేదన్న విషయం పట్టించుకున్నది తక్కువ. 2020లో కరోనా వచ్చినప్పుడు డార్మిటరీల్లో 3 లక్షల మందికి పైగా ఉన్నారు. ఆ ఏడాది ముగిసేసరికి వాళ్లలో దాదాపు సగం మందికి వైరస్ సోకింది. ఇరుకు గదులు, ఉమ్మడి మరుగుదొడ్లు. 2021లో కొత్త డార్మిటరీలకు గదికి 12 మందే అన్న ప్రమాణం పెట్టారు. జాతుల్ని కలపడానికి ప్రతి బ్లాకునూ శాతాల్లో కొలిచిన ప్రభుత్వం, ఆ బ్లాకులు కట్టినవాళ్లను ఏ శాతంలోనూ లెక్కపెట్టలేదు. సింగపూర్‌ను ఆదర్శంగా చూపేవాళ్లు ఈ డార్మిటరీలను కూడా చూపాలి.

మన దగ్గర

మన దేశంలో గాలి ఎదురు దిక్కున వీస్తోంది. గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద గుర్తించిన పేటల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. భయంతో ఇళ్లు అమ్ముకుని పారిపోకుండా కాపాడాలని తెచ్చిన చట్టం హిందువుల ఇల్లు ముస్లిం, ముస్లింల ఇల్లు హిందువు కొనడాన్ని కష్టం చేసింది. 2005లో సుప్రీంకోర్టు ఒక పార్సీ గృహనిర్మాణ సంఘం కేసులో, సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతానికి పరిమితం చేసుకోవచ్చని చెప్పింది. చట్టాలకు ముందు నుంచే మన ఊళ్లలో వాడలు వేరు. హైదరాబాద్‌లో అద్దె ఇంటికి వెళితే తినేది ఏమిటి, మీరెవరు అన్న ప్రశ్నలు మొదటి ఐదు నిమిషాల్లో వస్తాయి. ఈ విషయంలో సింగపూర్‌ను తక్కువ చేయలేం, ఎక్కువా చేయలేం. అక్కడా భారతీయులకు అద్దెకివ్వం అని రాసిన ప్రకటనలు కనిపించాయి. 2025లో ఉద్యోగాల్లో వివక్షకు వ్యతిరేకంగా చట్టం చేసుకున్నారు కానీ అది అద్దె ఇళ్లకు వర్తించదు.

ఇంతకీ సింగపూర్ ప్రణాళికతో ఒక తెలుగు నగరానికి సూటి సంబంధం ఉంది. అమరావతి మాస్టర్ ప్లాన్ గీసింది సింగపూర్ సంస్థలే. 2015లో వరసగా మూడు దశల్లో అందజేశారు. రోడ్ల వెడల్పు, నదీతీరం, నవ నగరాలు, పచ్చదనం అన్నీ అందులో ఉన్నాయి. సింగపూర్‌ను సింగపూర్ చేసిన ప్రశ్న, ఏ బ్లాకులో ఎవరు ఎవరి పక్కన ఉంటారన్నది, మన చర్చలోకి రాలేదు. కొన్నేళ్లకు అది వేరే దారిన వచ్చింది. రాజధాని ప్రాంతం బయటి పేదలకు అక్కడ ఇళ్ల స్థలాలు ఇవ్వాలన్న నిర్ణయం 2020 నుంచి కోర్టుల్లో నలిగింది. దాని చుట్టూ జరిగిన వాదోపవాదాల్లో జనాభా సమతుల్యత అన్న మాట రాజకీయ వేదికల మీద మార్మోగింది. సింగపూర్‌లో ఆ మాటకు కలపడం అని అర్థం. మన దగ్గర అది ఎవరిని రానివ్వాలన్న తగాదాగా మారింది.

కోటాను యథాతథంగా తెచ్చుకుందామని నేను అనను. కులం, మతం పేరుతో ఇంటి అమ్మకానికి శాతాలు పెడితే, పైన చెప్పిన అంకగణితం ఇక్కడ దళిత, ముస్లిం ఓనర్ల మీదే పడుతుంది. వాళ్ల ఫ్లాటుకే ధర తగ్గుతుంది. తెచ్చుకోదగినవి వేరే ఉన్నాయి. ప్రభుత్వ డబ్బుతో కట్టే ప్రతి సముదాయంలో ఆదాయాలూ కులాలూ చూడకుండా ఒకే లాటరీలో ఇళ్లు కేటాయించడం. కింది అంతస్తును పార్కింగ్‌కు వదిలేయకుండా అక్కడివాళ్ల పెళ్లికీ చావుకూ ఇవ్వడం, అనుమతిచ్చే అధికారం సొసైటీ పెద్దలకు కాక మునిసిపాలిటీకి ఉంచడం. అద్దె ప్రకటనలో కులం, మతం, తిండి రాస్తే జరిమానా. కట్టే కూలీలకు ఆ నగరం హద్దుల్లోనే, బస్సు అందే చోట ఇళ్లు. అమరావతిలో 2025 మే నుంచి పనులు మళ్లీ మొదలయ్యాయి. ఉద్యోగుల క్వార్టర్లు, కూలీల షెడ్లు లేస్తున్నాయి. నివాస సముదాయాల నియమావళిలో ఈ నాలుగు వాక్యాలు చేర్చడానికి సింగపూర్ నుంచి ఎవరూ రానక్కర్లేదు, మన ప్రభుత్వం నుంచి ఒక జీవో చాలు.